పెదవులు మాత్రం కదపాలి

నోనీ గిల్వారీ కాకి అని ఆమెకు ఆరేళ్ళ వయసులోనే తేలిపోయింది.

తేల్చింది మిస్ హెవెరిన్ టీచరమ్మ. స్కాట్లండుకు ఇవతలి దీవిలో, మేయో సముద్రగట్టు మీద గ్లాషాబాన్ బడికి ఆ రోజుల్లో ఉన్నవి రెండే గదులు. పెద్ద గదిలో కిల్‌కోయిన్ మాస్టారు పెద్దపిల్లలకు లెక్కలూ చరిత్రా చెప్పేవాడు. చిన్న గదిలో టీచరమ్మ చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించేది. పాట మాత్రం బడి మొత్తానికీ ఆమె బాధ్యతే. ఏటా చలికాలం వెళ్తుండగా ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల చేత పాడించుకుని, టీచరమ్మ పనితనం ఎలా ఉందో పైవాళ్ళకు రాసేవాడు. ఆయన రాసే ఆ నాలుగు ముక్కల మీదే ఆమె బతుకు నడిచేది. అందుకని ఆయన వచ్చే ముందు ఆమె పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, రెండు కొమ్ముల శ్రుతి ఇనుమును బల్ల అంచుకు కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కరి నోటి దగ్గరికి వంగి వినేది. గొంతు కలిసినవాళ్ళు భరతపిట్టలు, వాళ్ళకు ముందు వరస. కలవనివాళ్ళు కాకులు, వాళ్ళకు వెనక వరస.

"కాకులు నోరు బాగా తెరవాలి. పెదవులు కదపాలి. గొంతు మాత్రం బయటికి రాకూడదు. వచ్చిందా, ఈ బెత్తం ఎవరి కోసమో మీకు తెలుసు," అనేది.

ఆ రోజు నోనీకి జలుబు. కట్టెలకు బదులు కాల్చే టర్ఫ్ మట్టిగడ్డ చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చింది. బడి పొయ్యికి ప్రతి ఇంటినుంచీ రోజుకో గడ్డ రావలసిందే. తేని పిల్లకు పొయ్యి దగ్గర చోటు ఉండదు. గడ్డ తెచ్చినా నోనీ ఒళ్ళు ఇంకా వెచ్చబడలేదు. టీచరమ్మ వంగినప్పుడు గొంతులోంచి గరగరమని ఏదో వచ్చింది. "కాకి," అని టీచరమ్మ పక్కపిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. జలుబు నాలుగు రోజుల్లో తగ్గింది. కాకి పేరు మాత్రం తగ్గలేదు. ఒకసారి వెనక వరసలోకి వెళ్ళినవాళ్ళను మళ్ళీ పిలిచి విన్నది లేదు. అంత తీరిక ఎక్కడిది?

నోనీ ఏ పనైనా శ్రద్ధగా చేసే పిల్ల. కాకి పని కూడా శ్రద్ధగానే చేసింది. ప్రతి పాటా ముందు వరసవాళ్ళకంటే బాగా కంఠస్థం పట్టింది, లేకపోతే పెదవులు తప్పు కదులుతాయి కదా. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకునేది, పై స్వరం వచ్చినచోట కనుబొమలు ఎత్తేది. గొంతు దగ్గర ఏదో తలుపు గడియ పడినట్టు ఉండేది. మొదట్లో ఆ గడియ తనే వేసుకునేది. తర్వాత తర్వాత అదే పడిపోయేది. ఒక ఏడాది ఇన్‌స్పెక్టరు ఆమెవైపే చూపిస్తూ, "వెనక వరసలో ఆ పొడుగు జడ పిల్ల ఎంత మనసు పెట్టి పాడుతోందో చూశారా!" అన్నాడు. టీచరమ్మ సిగ్గుపడకుండా థాంక్స్ చెప్పింది. బయటికొచ్చాక పిల్లలు పడీపడీ నవ్వారు. నోనీ కూడా నవ్వింది.

ఆమెకు పద్నాలుగేళ్ళు నిండబోతున్న ఏడాది, ఫిబ్రవరిలో, మాస్టారు వాళ్ళింటికి వచ్చాడు. మాస్టారు ఇంటికి రావడమంటే చావో, పోలీసో అయి ఉండాలి. నోనీ తల్లి డీలియా చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడింది. తండ్రి ఆస్టీ అల్లుతున్న బుట్ట పక్కన పెట్టలేదు. పొయ్యి పక్కన పీట మీద నాయనమ్మ సిబీ మాత్రం కదలకుండా, "ఎవర్రా అదీ?" అంది.

"నేనేనమ్మా, మాస్టారిని."

"నువ్వా! నీకు అప్పుడే అంత జుట్టు ఊడిపోయిందేమిటి నాయనా?"

"మీ మనవల్లాంటి వాళ్ళకు చదువు చెప్తే ఉండే జుట్టేనా ఇది?" అని మాస్టారు కూర్చున్నాడు. టీ తాగాక అసలు మాట తీశాడు. "ఆస్టీ, నీ కూతురికి బుర్ర ఉందయ్యా."

"ఉంటే ఉంది మాస్టారూ. దుంపలు బుర్రతో ఏరరు కదా. వేళ్ళతో ఏరతారు."

"ఆ మాట చెప్పడానికే వచ్చాను. దుంపల దగ్గరికి పంపకు. టీచర్లను తయారుచేసే కాలేజీకి ఈస్టర్ వారంలో పరీక్ష ఉంది. ఇంట్లో ఇంగ్లీషు కాక మన సొంత భాషే మాట్లాడే పిల్లలకు ముందు చోటిస్తారు. నెగ్గితే తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ వాళ్ళే చూస్తారు. ఆఖర్న టీచరు ఉద్యోగం. ముసలితనంలో పింఛను. నా చేతికింద ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్ల రాలేదు. ఈమె తర్వాత వస్తుందన్న ఆశా నాకు లేదు."

ఆస్టీ కాసేపు బుట్ట పుల్లలు లాగి బిగించాడు. "లవెల్ మేస్త్రీకి మాటిచ్చేశానే. జూన్‌లో ఇద్దరు పిల్లలూ వస్తారని చెప్పాను."

లవెల్ మేస్త్రీ ఏటా ఆ చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడపిల్లలనూ మగపిల్లలనూ ముఠాగా కట్టి, పడవ మీద స్కాట్లండు తీసుకెళ్ళి బంగాళాదుంపలు ఏరించేవాడు. జూన్‌లో వెళ్ళినవాళ్ళు నవంబరుకి వచ్చేవాళ్ళు. నోనీ అక్క విన్నీ అప్పటికే రెండేళ్ళుగా వెళ్ళొస్తోంది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు విన్నీ మూలన గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగకుండా, "మాటిచ్చింది నువ్వు కదా నాన్నా, వేళ్ళు దానివి," అంది.

"నోర్ముయ్యవే," అన్నాడు తండ్రి. మాటలో పెద్ద కోపం లేదు.

"మాస్టారూ, టీచరైతే కాళ్ళకి ఏడాది పొడుగునా బూట్లుంటాయా?" అని అడిగింది నాయనమ్మ.

"ఉంటాయమ్మా. రెండు జతలు కూడా ఉండొచ్చు."

"అయితే పంపరా ఆస్టీ. ఏమిటి ఇంకా ఆలోచిస్తావు? నీ బుర్రతో ఆలోచిస్తే తెల్లారిపోతుంది."

ఆస్టీ నోనీవైపు చూశాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. "నీకు వెళ్ళాలని ఉందా?"

"ఉంది నాన్నా."

"సరే. వస్తే వెళ్తుంది. రాకపోతే జూన్‌లో పడవెక్కుతుంది. మేస్త్రీకి పేరు తీసెయ్యమని ఇప్పుడే చెప్పను. తర్వాత నన్నెవరూ ఏమీ అనకూడదు."

అంతకంటే ఎక్కువ ఆ ఇంట్లో ఎవరూ ఆశించి ఉండరు.

ఆ రోజునుంచి మాస్టారు బడి మొదలుకాక ముందు నోనీకి విడిగా చెప్పేవాడు. భిన్నాలు, భూగోళం, వ్యాసం. ఆయన చెప్పినవన్నీ ఆమె పట్టేసేది. విన్నీ ఇంటిపనిలో ఆమె వంతు కూడా చేసేది. "చదువుకోవే. అక్కడ మమ్మల్ని పశువుల కొట్టంలో పడుకోబెడతారు. పశువులను బయటికి తోలి, కొత్త గడ్డి పరిచి, ఇదిగో మీ ఇల్లు అంటాడు మేస్త్రీ. ఎలుకలు జుట్టులో దూరతాయి. నువ్వు టీచరమ్మవైతే నేనొచ్చి మీ ఇంట్లో వంట చేసి పెడతాను," అంది. విన్నీ చేతివేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు చలికాలమంతా మానలేదు. ఉప్పు తగిలితే పళ్ళు బిగించేది.

మార్చి మొదట్లో పరీక్ష నియమాలు అచ్చువేసిన కాగితం వచ్చింది. మాస్టారు దాన్ని బడిలో పొయ్యి దగ్గర నిలబడి పైకి చదువుతూ చదువుతూ ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. తర్వాత మధ్య తలుపు తెరిచి, "మిస్ హెవెరిన్, ఒక్క నిమిషం," అని పిలిచాడు.

టీచరమ్మ సుద్ద చేత్తోనే వచ్చింది.

"ఇందులో పాట పరీక్ష కూడా ఉందండీ. పాడలేని అభ్యర్థిని తీసుకోరట. మిగతా వాటిలో ఎన్ని మార్కులు వచ్చినా సరే. నేను మరిచేపోయాను."

"దానికేముంది? నోనీ, నిరుడు నేర్పిన పడవ పాట పాడమ్మా," అంది టీచరమ్మ.

నోనీ కదల్లేదు. "నేను కాకిని టీచర్," అంది.

"ఎవరన్నారు?"

"మీరే."

"నేనా? ఎప్పుడు?"

"ఒకటో తరగతిలో."

టీచరమ్మ ముఖం చూస్తే ఆ విషయం ఆమెకు ఏమాత్రం గుర్తులేదని తెలిసిపోతోంది. ఎంతమంది నోళ్ళ దగ్గరికి వంగిందో ఆమె. "అది అప్పటి మాట. ఇప్పుడు పాడు," అంది. గొంతు కొంచెం తగ్గింది.

నోనీ నోరు తెరిచింది. పెదవులు మొదటి చరణం మొత్తం పలికాయి. కనుబొమలు లేవవలసిన చోట లేచాయి. మాట మాత్రం ఒక్కటీ వినిపించలేదు. వెనక బల్లలోంచి పాకీ అనే కుర్రాడు, "కాకి కాలేజీకెళ్తోందిరోయ్!" అన్నాడు. గదంతా నవ్వింది. మాస్టారు బెత్తం తీసి వాడి అరచేతుల మీద వాయించాడు. ఆయన అంత గట్టిగా కొట్టడం ఎవరూ చూడలేదు. ఆ కొట్టడంతో నవ్వు ఆగింది కానీ నోనీ గొంతు తెరుచుకోలేదు.

"గట్టిగా ఊపిరి తీసుకో," అంది టీచరమ్మ. తీసుకుంది. "సరే, మాట్లాడినట్టే చెప్పు." చెప్పగలిగింది. "ఇప్పుడు దాన్నే కాస్త సాగదియ్యి." మళ్ళీ గడియ పడింది. నోనీ భయపడి తన గొంతు తనే పట్టుకు చూసుకుంది, అక్కడ నిజంగా ఏదైనా ఉందేమో అన్నట్టు.

ఆ సాయంత్రం నుంచి టీచరమ్మ ఆమెను బడి వదిలాక ఉంచేసుకునేది. స్వరాల పటం గోడకు తగిలించి, పొడుగు పుల్లతో ఒక్కో స్వరాన్నీ చూపించేది. డో, రే, మీ. టీచరమ్మ పాడేది, నోనీ పెదవులు కదిపేది. టీచరమ్మ ఆమె భుజాలు పట్టుకుని ఊపింది. తేనె కలిపిన వేడినీళ్ళు తాగించింది. ఒకరోజు కోపం పట్టలేక, "మొండితనం చేస్తున్నావే నువ్వు!" అని అరిచి, వెంటనే కుర్చీలో కూలబడి, "లేదమ్మా, లేదు," అంది. నోనీకి ఆమె మీద కోపం రాలేదు. ఆమెను చూస్తే భయమేసింది. పెద్దవాళ్ళు తప్పు చేశామని తెలిసినప్పుడు అలా ఉంటారని నోనీకి అంతవరకూ తెలియదు.

ఇంట్లో నాయనమ్మ ఈ సంగతి విని పీట మీద నిటారుగా కూర్చుంది. "పాడలేకపోవడమేమిటి? మా పుట్టింట్లో పాడని గొంతే లేదు. మా అన్న పాడితే పీనుగ దగ్గర ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆపి వినేవాళ్ళు. దీనికి ఎవరో అడ్డం పెట్టారు. రావే నాతో."

కర్ర ఊతగా వేసుకుంటూ ఆవు కొట్టంలోకి తీసుకెళ్ళింది. "పాలు పిండు. తల ఆవు డొక్కకి ఆనించు. నన్ను చూడకు. నేను లేననుకో. పిండుతూ ఏదో ఒకటి కూనిరాగం తియ్యి, ఆవుకోసం. పాడకపోతే ఇది పాలు చేపదు, తెలుసా?"

"చేపుతుంది నాయనమ్మా. రోజూ నేనే పిండుతున్నానుగా."

"ఎదురు మాట్లాడకే. పిండు."

నోనీ నుదురు ఆవు డొక్కకు ఆనించింది. వెచ్చగా ఉంది. ఎదురుగా రోమాలు తప్ప ఏమీ లేవు. గిన్నెలో పాలధార పడుతున్న చప్పుడుకి తగ్గట్టు ముక్కుతో సన్నగా రాగం తీసింది. ఆ రాగంలోంచి మాట వచ్చింది, మాట వెంట ఇంకో మాట. పడవ పాట రెండో చరణం దాకా వెళ్ళాక అది తన గొంతేనని తెలిసి ఉలిక్కిపడింది. ఆ గొంతు మరీ పలచనా కాదు, గరుకూ కాదు. కాస్త బరువుగా, చీకటి పడే వేళ దూరంగా ఎవరో పిలిచినట్టు ఉంది.

"ఎవరే కాకి?" అంది నాయనమ్మ. "దాన్ని, ఆ టీచరమ్మని, ఇక్కడికి రమ్మనండి. దాని చెవిలో గూడు కట్టింది కాకి."

టీచరమ్మ నిజంగానే వచ్చింది. మర్నాడు, సైకిలు గోడకు ఆనించి, కొట్టం బయట బురదలో నిలబడి విన్నది. లోపలికి తొంగిచూడగానే పాట ఆగిపోయింది. ఆమె వెనక్కి జరిగింది. పాట మళ్ళీ మొదలైంది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, "నోనీ, నీ ముఖం ఎవరూ చూడకపోతే చాలు, అంతేనా?" అని బయటినుంచే అడిగింది.

"తెలీదు టీచర్. చూస్తే నోరు దానంతటదే మూసుకుపోతుంది. అంటే, తెరుచుకుంటుంది కానీ రాదు."

బడిలో ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టి చూశారు. ముక్కు గోడ సున్నానికి తగిలేంత దగ్గరగా. కొంచెం సేపు పట్టింది, కానీ వచ్చింది. మాస్టారు పొయ్యి దగ్గర కూర్చుని వింటూ కదల్లేదు. పాట అయ్యాక, "నాకు పాటల సంగతి తెలీదు కానీ, ఇది తప్పకుండా చాలు," అన్నాడు. ఈస్టర్ ఇంకో వారమే ఉంది. ముఖం ఇటు తిప్పి నిలబెట్టి పాడించాలని ఎంత ప్రయత్నించినా ఆ వారంలో సాధ్యపడలేదు. టీచరమ్మ చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. "గోడవైపు తిరిగి పాడతానని అడుగుదాం. పాట బాగుంటే చాలదూ? ఎటు తిరిగి పాడాలో నియమాల్లో ఎక్కడా లేదు. నేను మూడుసార్లు చదివాను."

పట్నం బస్సులో నోనీతో టీచరమ్మే వెళ్ళింది. తన సొంత టోపీ నోనీకి పెట్టింది. విన్నీ తన బూట్లు ఇచ్చింది. అవి పెద్దవి కావడంతో నోనీ ముందు భాగంలో గుడ్డ కుక్కుకుంది. రాత పరీక్షలు మొదటిరోజు సిస్టరమ్మల మఠంలోని పెద్ద హాలులో జరిగాయి. అవి నోనీకి కష్టమనిపించలేదు. వ్యాసం రాస్తున్నప్పుడు తనకు తనే ముచ్చటేసింది. మధ్యాహ్నం బయటికొచ్చి, "లెక్కలన్నీ చేశాను టీచర్. ఒకదాన్ని రెండు రకాలుగా చేసి చూశాను, ఒకటే జవాబొచ్చింది," అని చెప్తే టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పాట పరీక్ష మర్నాడు. పొడుగు వరండాలో బల్ల మీద ఆడపిల్లలు వరసగా కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్తున్నారు. తలుపు వెనకనుంచి పియానో, దాని మీద పిల్ల గొంతు. ఒక పిల్ల గొంతు ఘోరంగా జారింది, అయినా పాడుతూనే పోయింది, బయటికొచ్చి నవ్వేసింది. నోనీకి ఆ పిల్లను చూస్తే అసూయ కలిగింది. అంత చెడ్డగానైనా, అందరి ముందూ.

లోపల ఇద్దరున్నారు. పియానో దగ్గర వయసు మళ్ళిన సిస్టరమ్మ, బల్ల దగ్గర, వాళ్ళ బడికెప్పుడూ రాని, సన్నగా ఉన్న ఇన్‌స్పెక్టరు. ఆయన ముఖంలో దయ లేకపోలేదు. "గిల్వారీ. వ్యాసం రాసిన పిల్లవు కదూ? పొద్దున అందరం చదువుకున్నాం," అన్నాడు. "ఏం పాడతావు?"

"పడవ పాటండీ." ఊపిరి తీసుకుని, నేర్చుకున్న మాట అప్పజెప్పింది. "అయ్యా, దయచేసి నన్ను గోడవైపు తిరిగి పాడనిస్తారా?"

సిస్టరమ్మ తల పక్కకు వంచింది. "ఎందుకమ్మా?"

"ఎవరైనా చూస్తుంటే నాకు గొంతు రాదు సిస్టర్. గోడవైపు అయితే వస్తుంది. మా టీచరమ్మ విన్నారు. బయట ఉన్నారు, అడగండి."

"పాపం, సిగ్గు. తిరగనిద్దామండీ, ఏం పోయింది?" అంది సిస్టరమ్మ.

ఇన్‌స్పెక్టరు పెన్ను బల్ల మీద పెట్టాడు. ఆయన కసరలేదు. నెమ్మదిగానే, పిల్లకు అర్థమయ్యేలా చెప్పాడు. "చూడమ్మా. మేము ఇక్కడ వెతికేది గాయకులను కాదు. రేపు ఒక గదినిండా పిల్లల ముందు నిలబడి పాట నేర్పేవాళ్ళను. పిల్లలకు వీపు చూపించి గోడకు పాట చెప్పే టీచరుంటుందా? గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, నేను చాలా సర్దుకుపోతాను. ఇటు తిరిగి పాడు. రెండు పంక్తులు చాలు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు నోనీకి కనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ బెదరగొట్టింది. సిస్టరమ్మ పియానో మీద మొదటి స్వరం నొక్కింది. నోనీ ఆ స్వరాన్ని చెవిలో స్పష్టంగా విన్నది, అది ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడికి ఎక్కాలో తెలుసు. నోరు తెరిచింది.

రెండు పంక్తులేం ఖర్మ, మొత్తం పాట పాడింది. ప్రతి మాటకూ పెదవులు సరిగ్గా కదిలాయి. ఊపిరి సరైనచోట తీసుకుంది. సిస్టరమ్మ మొదట్లో పియానో గట్టిగా ఉందేమోనని మెల్లిగా వాయించింది. తర్వాత మొత్తానికే ఆపేసింది. ఆపాక గదిలో నోనీ పెదవులు అంటుకుని విడిపోయే చిన్న తడి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇన్‌స్పెక్టరు తల దించుకుని కాగితం వైపు చూశాడు. ఆయనా నోనీకి సాయం చెయ్యాలనే తల దించుకున్నాడేమో. కానీ సిస్టరమ్మ చూస్తూనే ఉంది, దయగా, ఆశగా. ఆ చూపుకంటే అడ్డం వేరే అక్కర్లేదు.

"చాలమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వరండాలో టీచరమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. పియానో ఆగడం వినే ఉంటుంది, ఆగాక ఏమీ వినపడకపోవడం కూడా. ఆమె నోనీ టోపీ సరిచేసి, ఎవరో తనను పిలిచినట్టు గబగబా లోపలికి వెళ్ళింది. తలుపు వెనక ఆమె గొంతు గట్టిగా వినిపించింది. "తప్పు నాది అయ్యా, ఆ పిల్లది కాదు, నేనే దాని నోరు మూయించాను, కావాలంటే నా మీద రాయండి, నా ఉద్యోగం మీద రాయండి..." ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు గొంతు, తక్కువగా, ఓపికగా. కాసేపటికి ఆమె బయటికొచ్చింది. బస్సులో ఇంటిదాకా ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఒకచోట టీచరమ్మ, "ఆకలేస్తోందా?" అని అడిగింది. నోనీ లేదంది. రొట్టె అలాగే సంచిలో ఉండిపోయింది.

మే నెలలో మాస్టారు రెండోసారి ఆ ఇంటికొచ్చాడు. ఈసారి కూర్చోలేదు. రాతలో జిల్లా మొత్తానికీ ఆమెకే ఎక్కువ మార్కులట. పాటలో సున్నా. ఫాదర్‌గారి చేత కూడా అడిగించాడు. నియమం నియమమే అన్నారట. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది.

"జిల్లాకి మొదటిదా?" అన్నాడు ఆస్టీ. చాలాసేపు మాస్టారి బూట్లవైపు చూశాడు. "జిల్లాకి మొదటిది," అని మళ్ళీ తనలో తను అనుకున్నాడు. ఆ తర్వాత బయటికెళ్ళి, కట్టి ఉన్న గాడిదను విప్పి మళ్ళీ కట్టాడు.

"ఇంకేదైనా దారుందా మాస్టారూ?" అని డీలియా అడిగింది.

"డబ్బు కట్టి చదివించే బడులున్నాయి," అని మాస్టారు, తను అన్నది తనే విని ఆగిపోయాడు.

నాయనమ్మ పొయ్యిలో టర్ఫ్ గడ్డ తిప్పి పెట్టింది. "దాన్ని నా దగ్గర పాడమనండి. నేను ఇస్తాను మార్కులు," అంది. తను నవ్వించబోయిన మాట తనకే మింగుడు పడలేదేమో, ముఖం పొయ్యివైపు తిప్పుకుంది.

నోనీ ఆ రోజుల్లో ఏడవలేదు. బడికి వెళ్ళడం మానేసింది, అంతే. ఎలాగూ ఇంకా చదవడానికి పై తరగతి అక్కడ లేదు. టీచరమ్మ రెండుసార్లు మనిషిని పంపింది, ఒక్కసారి వచ్చి కనపడమని. వెళ్ళలేదు. ఆవు కొట్టంలో పాలు పిండేటప్పుడు కూడా రాగం తియ్యడం లేదని నాయనమ్మ కనిపెట్టింది. తలుపు దగ్గర చెవి పెట్టి కూర్చునేది. "గొంతు ఎక్కడ పెట్టావే?" అని అడిగింది ఒకరోజు. నోనీ, "పాలు బాగానే ఇస్తోంది నాయనమ్మా," అంది.

జూన్ మొదటి ఆదివారం పూజ అయ్యాక లవెల్ మేస్త్రీ చర్చి గోడ దగ్గర నిలబడి ముఠా పేర్లు సరిచూసుకున్నాడు. నోనీని ఎగాదిగా చూసి, "ఈ పిల్లేనా చదువుకుందామనుకున్నది? ఏం ఫరవాలేదు. మా మిగతా పిల్లలకు ఉత్తరాలు రాసిపెట్టడానికి ఒకరుండాలి. సన్నగా ఉంది కానీ, ఆస్టీ, వంగి చూపించమను," అన్నాడు. ఆస్టీ వంగమనలేదు. "వంగుతుందిలే," అన్నాడు.

బయల్దేరే ముందురోజు డీలియా కూతురిని దుంపల మడి దగ్గరికి తీసుకెళ్ళింది. విన్నీ ఏరడం నేర్పుతానంది కానీ తల్లి వద్దంది. తను కూడా పెళ్ళికి ముందు స్కాట్లండు వెళ్ళొచ్చిన మనిషే. పాత గోనెసంచి చింపి నోనీ మోకాళ్ళ చుట్టూ కట్టింది. "ముడి బయటివైపు వెయ్యాలి. లోపలివైపు వేస్తే పొద్దుగూకేసరికి కోసేస్తుంది." తను కూడా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి, ఏరడానికి దుంపలు లేవు. అందుకని నాగటిచాలు పొడుగునా గులకరాళ్ళు చల్లింది. "తవ్వేవాళ్ళు ముందుపోతుంటారు. మనం వెనకే పాకుతూ పోవాలి. రెండు చేతులూ ఒకేసారి ఆడాలి. చూపు చేతిలో ఉన్నదాని మీద కాదు, ఆ తర్వాత ఏరబోయే దాని మీద ఉండాలి. తల ఎత్తి చాలు చివర ఎంతదూరం ఉందో చూడకు. చూస్తే నడుం పోతుంది."

నోనీ పాకడం మొదలుపెట్టింది. మొదట చేతులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. నాలుగు రాళ్ళు పోయాక కుదిరింది. మట్టి తడిగా ఉంది. ఆమె తల ఎత్తకుండా, చాలు చివరిదాకా వెళ్ళి, అక్కడే మోకాళ్ళ మీద తిరిగి, పక్క చాలులో వెనక్కి వచ్చింది. బుట్టలో రాళ్ళు గలగలా పడ్డాయి. ఒక్కటీ మిగల్లేదు.

డీలియా ఆమె చేతులు చూసింది. తను అక్కడికెళ్ళిన మొదటి ఏడాది అలా రెండు చేతులూ కుదరడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఆమెకు గుర్తుంది.

"చెప్పింది చెప్పినట్టు పట్టేస్తావు నువ్వు," అంది. అని, ముఖం అటు తిప్పుకుని, రాళ్ళు మళ్ళీ చాలు పొడుగునా చల్లడానికి లేచింది.